తీజ్ లెక్కలో మా దాది వయసు

ఆధార్ కార్డు ప్రకారం మా దాది 1950 జనవరి 1న పుట్టింది. స్కూలు సర్టిఫికెట్ ప్రకారం మా నాన్న 1958లో పుట్టాడు. రెండూ ముద్ర ఉన్న కాగితాలే. పక్కపక్కన పెట్టి చూస్తే మా దాదికి 8 ఏళ్ళకే కొడుకు పుట్టినట్టు లెక్క వస్తుంది.

మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఇంట్లో అందరం నవ్వుకున్నాం. దాది కూడా నవ్వింది. కానీ 2014 చివర్లో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు ఆ నవ్వు పోయింది. అప్పట్లో వృద్ధాప్య పింఛనుకు 65 ఏళ్ళు నిండాల్సి ఉండేది. కార్డు ప్రకారం దాదికి 64 ఏళ్ళే. దరఖాస్తు తీసుకున్న మనిషి కార్డు చూశాడు, దాది ముఖం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. "వచ్చే ఏడు రా అవ్వా" అన్నాడు. దాది "సరే బిడ్డా" అని చెప్పి, ఎండలో వచ్చిన దారినే నడిచి పోయింది. అప్పటికి ఆమెకు నిజంగా 80 ఏళ్ళు.

80 అని నేనెట్లా చెప్పగలుగుతున్నాను? పుట్టిన తేదీ రాసిన కాగితం మా ఇంట్లో లేదు. ఆమె పుట్టిన తండాలో అప్పుడు అక్షరం వచ్చినవాళ్ళే లేరు. అయినా ఆమె వయసు కనుక్కోవచ్చు. ఎట్లా కనుక్కున్నానో మీకు చెప్పడానికే ఈ వ్యాసం. టీచర్ ట్రైనింగ్‌లో మాకు సాంఘికశాస్త్రం బోధించేటప్పుడు ఆధారాలు అనే పాఠం ఉండేది. శాసనాలు, నాణేలు, కట్టడాలు, మౌఖిక సాక్ష్యాలు అని నల్లబల్ల మీద రాయించేవారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవన్నీ మా దాది ఒంటి మీదా, ఇంట్లోనూ, నోట్లోనూ ఉన్నాయని తెలియడానికి నాకు ఇంకో 20 ఏళ్ళు పట్టింది.

దాది మాట్లాడింది గోర్ బోలీ. ఆమె మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఎద్దు వీపు మీది గోనె

మా ఇంట్లో అటక మీద ఒక పాత గోనె ఉండేది. ఒక వైపు దారపు కుట్టు, గవ్వలు. రెండో వైపు చిరుగులు. చిన్నప్పుడు అది ఎందుకని అడిగితే దాది, "మా దాది వాళ్ళు ఎద్దు మీద వేసిందట బేటీ. అటు ఒక మూట, ఇటు ఒక మూట" అని చెప్పింది.

ఆ గోనె వెనక మన జాతి చరిత్ర ఉంది. గోర్ బంజారాలు కొన్ని వందల ఏళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన వర్తకులు. సముద్రతీరం నుంచి ఉప్పు దక్కన్ లోపలికి, లోపలి నుంచి ధాన్యం తీరానికి. వేల ఎద్దులతో సాగే ఆ బిడారునే లదేణి అన్నారు. మొగలుల సైన్యాలకూ, నిజాం సైన్యాలకూ, తర్వాత ఇంగ్లీషు సైన్యాలకూ తిండిగింజలు చేర్చింది మనవాళ్ళే. పందొమ్మిదో శతాబ్దంలో రోడ్లు, రైళ్ళు వచ్చాయి. ఉప్పు వ్యాపారం సర్కారు గుప్పిట్లోకి పోయింది. ఎద్దు వీపు మీది సరుకుకు గిరాకీ పోయింది. తిరిగే జనం మీద అనుమానంతో 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద దేశంలో చాలాచోట్ల మనవాళ్ళను పుట్టుకతోనే నేరస్తుల జాబితాలో రాశారు. ఆ చట్టం రద్దయింది స్వాతంత్ర్యం వచ్చిన 5 ఏళ్ళకు, 1952 ఆగస్టు 31న.

ఉన్నచోట గుడిసె వేసుకుని, అడవి పక్కన రాళ్ళ నేల గీకి జొన్న వేసుకున్న తరం దాది తాతలది. అట్లా నిలిచిపోయిన తండాల్లో ఒకటి నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు, కృష్ణకు ఎగువన గుట్టల్లో ఉంది. దాది పుట్టింది అక్కడే.

పాట లేని తీజ్

వయసు అడిగితే దాది ఎప్పుడూ ఏళ్ళు చెప్పేది కాదు. "రజాకార్ల ఏడు నేను తీజ్ వేసిన" అనేది.

పట్నంలో పెరిగిన పిల్లల కోసం తీజ్ గురించి రెండు ముక్కలు. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. చివరి రోజు మొలకలు తుంచి అన్నదమ్ములకు ఇచ్చి, మిగిలినవి వాగులో వదులుతారు. పెళ్ళయిన పిల్ల మళ్ళీ బుట్ట పట్టదు.

రజాకార్ల కాలం మనకు పుస్తకంలో ఉంది. హైదరాబాద్ మీద పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసింది. దానికి ముందు నెలలే తండాలకూ పల్లెలకూ అన్నిటికంటే గడ్డుకాలం. నల్లగొండ, వరంగల్ తండాల వాళ్ళు భూమి కోసం జరిగిన సాయుధ పోరాటంలో నిలబడ్డారు. జనగామ దగ్గర ధర్మాపురంలో దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచిన జాటోతు ఠాణు నాయక్ పేరు మీరు వినే ఉంటారు.

దాది నోట పోరాటం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆమె చెప్పింది ఇంతే. "ఆ ఏడు మొగవాళ్ళు రాత్రిళ్ళు గుట్ట మీద పండేటోళ్ళు. జొన్నలు గుంతలో పోసి పైన పిడకలు పేర్చినం. తీజ్ మానొద్దని మా యాడి అన్నది. మానితే వానలు పడవు. కానీ పాట వినబడితే వస్తరేమో అని భయం. నోరు తెరవకుండ నీళ్ళు పోసినం, తొమ్మిది రోజులు. వాగులో వదిలేటప్పుడు కూడ ఎవరూ ఏడవలేదు. మొలకలు మాత్రం ఎప్పటిలెక్కనే వచ్చినయ్."

1948లో శ్రావణం ఆగస్టులో వచ్చింది. అంటే ఆమె చెబుతున్నది పోలీసు చర్యకు నెల ముందు సంగతి. అది ఆమెకు ఎన్నో తీజ్ అని అడిగాను. వేళ్ళు మడిచి, "మూడోదో, నాలుగోదో" అంది. ఆ రోజుల్లో ఆడపిల్లలు పది పదకొండేళ్ళకు బుట్ట పట్టేవారట. అంటే 1948లో ఆమెకు 14 ఏళ్ళు, అటూఇటూగా. పుట్టింది 1934 ప్రాంతంలో.

మౌఖిక సాక్ష్యం అంటే ఇదే. ఆమెకు తెలిసిన గుర్తు ఒకటి, మనకు తేదీ తెలిసిన ఘటన ఒకటి. రెండింటినీ కలిపి ముడి వేయాలి.

రూపాయల హారం

మౌఖిక సాక్ష్యం ఒక్కటే చాలదు, ఇంకొకటి తోడుండాలి అని మా సార్లు చెప్పేవారు. తోడు దాది మెడలోనే దొరికింది.

ఆమె హారంలో వెండి రూపాయలు ఉండేవి. నిజాం కాలం నాటి హాలీ సిక్కా. ఒక వైపు చార్మినార్ బొమ్మ, చుట్టూ ఉర్దూ లిపి. మేము చిన్నప్పుడు ఆ చార్మినార్‌ను వేలితో తడుముతూ ఆమె ఒళ్ళో నిద్రపోయేవాళ్ళం. నేను ఉద్యోగంలో చేరాక ఒక సెలవుకు ఆ హారం ఫొటో తీసి, మాతో పనిచేసిన ఉర్దూ టీచరుకు చూపించాను. ఆమె అద్దం పెట్టి చూసి, వాటిలో అన్నిటికంటే కొత్త రూపాయి మీద 1361 అని ఉందని చదివింది. అది హిజ్రీ సంవత్సరం. మన లెక్కలో 1942.

ఇక్కడ జాగ్రత్త కావాలి. నాణెం మీది సంవత్సరం నాణెం వయసే చెబుతుంది, వేసుకున్నవాళ్ళ వయసు చెప్పదు. ఆ హారం 1942కు ముందు తయారు కాలేదని మాత్రమే దానితో రుజువవుతుంది. దాది ఏమంటుందంటే, రజాకార్ల గోల అణిగిన మరుసటి ఏడు పెళ్ళయిందనీ, అత్తగారు ఈ హారం మెడలో వేసిందనీ. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఒక సాక్ష్యం ఇంకోదాన్ని కాదనకపోతే, చరిత్రలో అది చిన్న విషయం కాదు.

పెళ్ళి గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. దాది పెళ్ళికి మా తాత వాళ్ళు ఓలి ఇచ్చారు. ఎద్దులు ఇచ్చి, డబ్బు కట్టి, పిల్లను అడిగి తెచ్చుకున్నారు. కట్నం అన్న మాట అప్పుడు మన తండాల్లో లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ అవసరం పడుతుంది.

సాగర్ గోడ

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. రాతి కట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరు. ఎత్తు సుమారు 124 మీటర్లు. గేట్లు 26. ఇవి మీ పాఠాల్లో ఉన్న సంగతులే. యంత్రాలు తక్కువగా, మనుషుల చేతులు ఎక్కువగా కట్టిన గోడ అది. కర్రలతో కట్టిన ఏటవాలు దారుల మీద కూలీలు రాళ్ళూ సున్నం తట్టలూ పైకి మోశారు. ఆ వరుసల్లో మన తండాల ఆడవాళ్ళు ఎందరో.

మా తాత, దాది అక్కడికి పనికి పోయారు. "పునాది నాటికి మేము లేము. గోడ మనిషి ఎత్తు లేచినంక పోయినం" అనేది దాది. కాళ్ళకు అడ్డం పడకుండా ఫేట్యా అంచు నడుముకు చెక్కుకుని, తల మీద చుట్టకుదురు, దాని మీద రాయి. కింద చూడొద్దు, ముందరి మనిషి మడమలు చూస్తూ నడవాలి. అది ఆమె పాటించిన నియమం.

మా నాన్న పుట్టింది అక్కడి కూలీల గుడిసెల్లోనే. "గోడ సగం కాకముందు" అని దాది గుర్తు. స్కూల్లో వేసిన 1958కి ఇది సరిపోతుంది. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. ఆయనకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదని మా మేనత్త చెబితే నాకు తెలిసింది. దాది ఆ ఇద్దరి గురించి ఎన్నడూ మాట్లాడలేదు. తీజ్ నాడు మాత్రం మా ఇంట్లో అన్నం వడ్డించే ముందు రెండు చిన్న ముద్దలు పక్కన పెట్టేది. ఎవరికని అడిగితే, "చీమలకు" అనేది.

నీళ్ళు నిండినప్పుడు ఏలేశ్వరం లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు, ఖమ్మం వైపు పోయింది. కుడి కాలువ గుంటూరు వైపు పోయింది. మా తండా గుట్ట మీద ఉంది. గుట్ట అంచున నిలబడితే నీళ్ళు సముద్రంలాగా కనిపిస్తాయి. కానీ ఎత్తు మీద ఉన్నవాళ్ళకు కాలువ రాదు. రాళ్ళు మోసిన మనిషి ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కిలోమీటరు దూరం నుంచి బిందెతో నీళ్ళు మోసింది. 2004లో అదే జలాశయం నీళ్ళు పైపుల్లో హైదరాబాదు చేరాయి. మా తండాకు ఇంటింటికీ నల్లా వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు.

నేను కోపంగా అడిగాను ఒకసారి. "నీకు బాధ అనిపించదా దాదీ? నువ్వు కట్టిన గోడ కదా!" ఆమె జొన్నలు చెరుగుతూ, "ఎవరో తాగుతున్నరు కద బేటీ" అంది. అప్పుడు ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. మన నీళ్ళు మనం అడగాలి, గట్టిగా అడగాలి. కానీ ఆ మాట అన్న మనిషి మనసు ఎంత పెద్దదో మాత్రం ఇప్పుడు తెలుసు.

హాస్టల్ గేటు దగ్గర

1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరారు. ఆంధ్ర ప్రాంతంలో అది ముందే ఉంది. ఆ చట్టం వల్ల వచ్చిన హాస్టల్ సీటుతోనే నేను ఆరో తరగతి చదవడానికి తండా దాటాను. నా ఉద్యోగం, ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ఇక నా తప్పు చెబుతాను.

ఆరో తరగతిలో ఒక ఆదివారం దాది నన్ను చూడటానికి వచ్చింది. బస్సు ఎక్కడానికే రెండు గంటలు నడిచి, బస్సు దిగి మళ్ళీ నడిచి. అద్దాల కాంచళి, ఎర్ర ఫేట్యా, తల మీద టుక్రి, చేతుల నిండా బలియాలు. మూటలో బాటీలు, వెల్లుల్లి కారం, బెల్లం ముక్క. గేటు దగ్గర ఆడుకుంటున్న పట్నం పిల్లలు ఆమె గలగలలు విని నవ్వారు. ఒక పిల్ల ఆమె నడకను అనుకరించింది. నేను మూట తీసుకున్నాను. లోపలికి పోయే ముందు దాది చెవిలో, "ఈసారి వచ్చేటప్పుడు చీర కట్టుకుని రా" అన్నాను.

దాది "సరే బేటీ" అంది. అంతే.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది, చీర కట్టుకుని. ఎవరినో అడిగి తెచ్చుకున్న చీర. కుచ్చిళ్ళు ఒక వైపు జారిపోయి, కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేత్తో పట్టుకుని, చిన్న అడుగులు వేస్తూ వచ్చింది. జీవితమంతా గుట్టలెక్కిన మనిషి హాస్టల్ ముందు మెట్ల మీద తడబడింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ ఆమెను చూడనే లేదు. ఆమె మూట నా చేతికిచ్చి, "బాగుందా?" అని అడిగింది. చీర గురించో, నా చదువు గురించో నాకు అర్థం కాలేదు. బాగుంది అన్నాను.

నేను పదో తరగతి పూర్తి చేసేవరకు ఆమె హాస్టల్‌కు చీరలోనే వచ్చింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తిడితే నాకు తేలికయ్యేది. దాదికి తిట్టడం రాదు. తండాలో ఆడవాళ్ళు పిల్లలను ఎన్ని రకాలుగా తిడతారో మీకు తెలుసు. ఆమె మాత్రం కోపం వచ్చినా, "నీ కడుపు చల్లగుండ, ఏం పని చేస్తివి!" అనేది.

ఇప్పుడు నేను వార్డెన్‌ను. ప్రతి ఆదివారం గేటు దగ్గర దాదీలు, నానీలు మూటలతో కూర్చుంటారు. ఫేట్యా కట్టుకున్నవాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు. అదే ఫేట్యా సేవాలాల్ జయంతికి స్టేజి మీద డాన్సు చెయ్యడానికి మా పిల్లలు అద్దెకు తెస్తున్నారు. చప్పట్లు వస్తున్నాయి, ఫొటోలు వస్తున్నాయి. సంతోషమే. కానీ ఆ పూట నేను వెనక వరుసలో కూర్చుంటాను.

గడప మీద కూర్చున్న రోజు

నెమ్మదిగా మాట్లాడే మనిషిని బలహీనురాలు అనుకుంటారు. దాది గురించి నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం మార్చుకున్న రోజు ఇది.

1999లోనూ, 2001లోనూ మన తండాల పేరు దేశమంతా పత్రికల్లో వచ్చింది. మంచి పని మీద కాదు. ఆడపిల్లలను దత్తత పేరుతో డబ్బుకు ఇచ్చేస్తున్నారని వచ్చింది. రాసినవాళ్ళు కొందరు మన జాతిదే తప్పు అన్నట్టు రాశారు. కారణాలు అంత చిన్నవి కావు. వరుస కరువులు, నీళ్ళు లేని గుట్ట నేల, హైదరాబాదుకూ ముంబయికీ వలస. అన్నిటికీ మించి, ఓలి పోయి కట్నం వచ్చింది. దాది కాలంలో ఆడపిల్ల పుడితే ఎద్దులు ఇంటికి వచ్చేవి. ఆమె మనవరాళ్ళ కాలానికి ఆడపిల్ల పుడితే ఉన్న ఎద్దులు అమ్మాల్సి వచ్చింది. యాభై ఏళ్ళలో లెక్క తిరగబడింది.

ఆ రోజుల్లోనే మా దగ్గరి బంధువుల ఇంట్లో మూడో ఆడపిల్ల పుట్టింది. పదో రోజున ఒక మనిషి వచ్చి, మంచంలో కూర్చుని, చాలా మర్యాదగా మాట్లాడాడు. పిల్ల మంచి ఇంట్లో పెరుగుతుందన్నాడు. ఇంటి మగవాళ్ళు తల వంచుకుని విన్నారు. కాదనలేదు.

దాది లోపలి నుంచి వచ్చి, బాలింత పక్కన పడుకున్న పిల్లను ఎత్తుకుని, గడప మీద కూర్చుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. వచ్చిన మనిషికి నీళ్ళు ఇమ్మని నాతో చెప్పింది. పొద్దు వాలింది. ఆమె లేవలేదు. పిల్ల ఏడిస్తే లోపలికి తీసుకుపోయి పాలు పట్టించి మళ్ళీ గడప మీదికి వచ్చింది. గడప దాటాలంటే ఆమెను దాటాలి. ఎవరు దాటుతారు? చీకటి పడ్డాక ఆ మనిషి లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. దాది అతనికి కూడా, "జాగ్రత్తగ పో బిడ్డా, దారిల రాళ్ళున్నయ్" అంది.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో నర్సు. కరోనా రోజుల్లో డ్యూటీ చేసి, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాదితోనే మాట్లాడేది.

ఇక్కడ మన పిల్లలకు ఒక మాట. కట్నం మన సంప్రదాయం అని ఎవరైనా అంటే నమ్మకండి. మన చరిత్ర చూస్తే అది నిన్నగాక మొన్న వచ్చింది. దాది మెడలోని రూపాయి దానికంటే పాతది.

ఒక తీజ్ చిన్నది

2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. మా తండా అందులో ఒకటి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు పంచాయతీ ఓటు కోసం దాది పక్క ఊరికి నడిచి, అక్కడ వరుసలో చివర నిలబడేది. ఆ ఏడు మాత్రం తండాలోనే, మనవడి చెయ్యి పట్టుకుని పోయి ఓటు వేసింది. ఇంటికి వచ్చి సిరా వేలును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇప్పుడు మన తండాకు ఒక పేరుంది కదా" అంది. 85 ఏళ్ళ మనిషి.

2023 చలికాలంలో దాది పోయింది. పెద్దగా జబ్బు చెయ్యలేదు. నాలుగు రోజులు తిండి తగ్గించి, ఐదో రోజు తెల్లవారుజామున నిద్రలో వెళ్ళిపోయింది. నా లెక్కలో ఆమెకు 89. కార్డు లెక్కలో 73.

ఆమె పాటల్లో నా దగ్గర ఉన్నవి ఫోన్‌లో 11 నిమిషాలు. అందులో సగం కుక్కర్ విజిల్, కోడి, మా పిల్లల గోల. పెళ్ళికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో ఆమెకు ఎన్నో వచ్చు. వచ్చే సెలవుకు రికార్డు చేద్దాం అనుకుంటూనే 20 ఏళ్ళు గడిపాను. గోర్ బోలీకి సొంత లిపి లేదు. మనం తెలుగు లిపిలో రాస్తే ఆ లిపిలో ఉంటుంది. రాయకపోతే పాడిన మనిషితోనే పోతుంది.

కర్మకాండ రోజున దాది పుట్టిన తండా నుంచి ఒక ముసలామె వచ్చింది. చూపు సరిగా లేదు. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. నేను పక్కన కూర్చుని, మా దాది వయసు ఎంతుండొచ్చు అని అడిగాను. ఆమె ఆలోచించలేదు.

"అది నాకన్న ఒక తీజ్ చిన్నది" అంది. "నేను మొదటి బుట్ట పట్టిన ఏడు అది బయట కూర్చుని ఏడ్చింది, తనకూ కావాలని. మరుసటి ఏడు ఇచ్చిన్రు. రజాకార్ల ఏడు నాకు ఐదోది, దానికి నాలుగోది. నాతోపాటే నోరు మూసుకుని నీళ్ళు పోసింది."

మూడోదో నాలుగోదో అని దాది మడిచిన వేలు అక్కడ తేలింది. నాలుగోది. అన్నేళ్ళూ నేను నాణేలు చదివించుకున్నాను, తేదీలు కూర్చుకున్నాను. రెండు బస్సులు మారితే చేరే తండాలో దాదితో కలిసి బుట్ట పట్టిన మనిషి ఉందని, ఆమెను అడగాలని నాకు తోచలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఇళ్ళల్లో దాదీలు, నానీలు ఉన్నారు. ఈ సెలవుల్లో ఫోన్ కాస్త పక్కన పెట్టి, లేదంటే ఆ ఫోన్‌నే రికార్డింగ్‌లో పెట్టి, వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ ఏడు పుట్టావని అడగకండి, ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మొదటి తీజ్ ఎప్పుడు వేశావు, ఎవరితో వేశావు అని అడగండి. పెళ్ళికి ఏమిచ్చారు, ఏం తెచ్చుకున్నారు అని అడగండి. ఏ కరువుకు ఎక్కడికి పనికి పోయారు, ఏ కట్ట కట్టారు, ఏ రోడ్డు వేశారు అని అడగండి. మెడలో నాణెం ఉంటే దాని మీద ఏముందో చదవండి. చేతి మీద పచ్చబొట్టు ఉంటే ఎవరు పొడిచారో అడగండి. ఒక మనిషి చెప్పింది ఇంకో మనిషితో సరిచూడండి. విన్నది విన్నట్టు, వాళ్ళ మాటల్లోనే, తేదీ వేసి రాసిపెట్టండి. తొందరపెట్టకండి. వాళ్ళు నెమ్మదిగా చెబుతారు.

ఆ ముసలామె ఇంకా ఉంది. ఈ నెలలోనే వెళ్ళి ఆమె ముందు కూర్చుంటాను. ఆమె కోడలితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు అడిగాను, అత్తగారి ఆధార్‌లో పుట్టిన తేదీ ఏముందని.

జనవరి 1 అని ఉందట.

జై సేవాలాల్.